ఇత్తడి కిలో ఎంత?

డోక్రా అంటే మైనంతో బొమ్మ చుట్టి, పైన మట్టి పూసి, లోపలి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలోకి ఇత్తడి పోసి చేసే పోత పని. తెలంగాణలో ఈ పని చేసేది ఓజాలు. వాళ్లు ఉండేది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కొండల్లో, ఉషేగాం, కేస్లాగూడ లాంటి చిన్న ఊళ్లలో. హైదరాబాద్‌లోని ఉప్పల్ వాసులకు ఇలాంటి పని కంటబడాలంటే 2019లో తెరిచిన మినీ శిల్పారామానికి పోవాలి, అదీ చేతివృత్తుల మేళా ఏదైనా పెట్టినప్పుడు. కొలిమికీ ఆ మేళాకూ మధ్య సుమారు మూడు వందల కిలోమీటర్లు. ఉప్పల్ చౌరస్తాలో నిలబడితే వరంగల్ బస్సు, యాదగిరిగుట్ట బస్సు దొరుకుతాయి గానీ ఆ కొండల్లోని జైనూరుకు బస్సు దొరకదు. దొరకలేదని ఉప్పల్‌లో ఇంతవరకు ఎవరూ ధర్నా చేయలేదు.

విద్య చాలా పాతది. మొహెంజొదారోలో దొరికిన నర్తకి కంచు బొమ్మను ఇదే పద్ధతిలో పోశారు. వయసు నాలుగు వేల ఏళ్లు దాటింది, ఎత్తు పట్టుమని పదకొండు సెంటీమీటర్లు కూడా లేదు. అయినా ఢిల్లీ జాతీయ మ్యూజియంలో దాని ముందు నిలబడి "గింతంత బొమ్మకు గంత ధరనా?" అని ఎవరూ అడగరు. గాజు పెట్టెలో ఉన్న కళకు దక్కే మర్యాద అది. బల్ల మీద పరిచిన కళకు వేరే మర్యాదలు ఉంటాయి. వాటి సంగతి ముందు ముందు వస్తుంది.

పని తీరు ఇలా ఉంటుంది. మొదట మట్టి, ఇసుక కలిపి బొమ్మ లోపలి ముద్ద చేస్తారు. అది ఆరాక, తేనె మైనంలో గుగ్గిలం కలిపి కాచి, సన్నని దారాలుగా తీసి, ముద్ద చుట్టూ ఒక్కో పోగే చుడతారు. నెమలి మెడ మీది గీతలు, ఏనుగు వీపు మీది అల్లిక, దేవుడి కంటి చుట్టూ ఉన్న గుండ్రం... పోతబొమ్మ మీద కనిపించే ప్రతి గీతా ఒకప్పుడు వేలి కొన కింద ఒదిగిన మైనపు పోగే. దాని మీద మెత్తటి మట్టి, ఆపైన ముతక మట్టి పట్టించి, ఒక దారి వదిలి నిప్పుల్లో పెడతారు. మైనం కరిగిపోతుంది. కరిగిన ఇత్తడి ఆ జాగాలోకి దిగుతుంది. చల్లారాక మట్టిని పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. ఇత్తడి ఎక్కడైనా అందకపోతే బొమ్మకు చెయ్యో కాలో ఉండదు. అన్ని రోజుల పనీ తిరిగి మూసలోకి పోతుంది. సరిగ్గా వచ్చినా, అచ్చు పగిలింది కాబట్టి అచ్చంగా అలాంటి బొమ్మ రెండోది రాదు. ఈ చివరి విషయాన్ని మేళాలో ఎంత ఓపికగా వివరించినా, విన్నవాళ్ల వైపు నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: "సేమ్ పీస్ ఇంకోటుందా? టీవీకి రెండు దిక్కుల పెడదామని."

కొండల్లో ఈ వస్తువుల పాత ఖాతాదారు గోండు. దేవుళ్ల ప్రతిమలు, పూజ గంటలు, ఎడ్ల మెడ గంటలు, దీపాలు, గజ్జెలు అతని కోసం పోసినవే. దీపావళి రోజుల్లో దండారీ కట్టి, నెమలి ఈకల టోపీలు పెట్టుకుని గుస్సాడీలు ఊరూరా ఆడే చోట ఇత్తడి మోగుతూనే ఉంటుంది. మార్కెటింగ్ నిపుణుల దృష్టితో చూస్తే మాత్రం గోండుకు పెద్ద లోపం ఒకటుంది: కొన్నదాన్ని వాడతాడు. గంట కొన్నాడంటే అది మోగాలి. దేవుణ్ని చేయించుకున్నాడంటే ఆ దేవుడికి పూజ జరగాలి. కళాఖండం అనే మాటతో పని లేదు కాబట్టి చేసినవాణ్ని పొగడడు. పని చెప్పి పోతాడు, పని అయ్యాక మళ్లీ వస్తాడు. ఓజాల విద్య ఇన్ని తరాలు బతికింది పొగడడం చేతకాని ఈ మనిషి వల్లే.

ఆ స్థానంలోకి ఇప్పుడు నగరం వచ్చింది. నగరానికి పొగడడం బాగా వచ్చు. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ వైపు నుంచి మేళాకు వచ్చే కొనుగోలుదారు ముందు ఫోన్ తీసి బొమ్మకు ఫొటో తీస్తాడు, తర్వాత బొమ్మతో తను ఫొటో దిగుతాడు, ఆ తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూస్తాడు. శాస్త్రీయంగా ఇదే కీలక ఘట్టం. "ఇత్తడేగా అన్నా, బేగంబజార్ల కిలో లెక్కన ఇస్తరు" అనేది ఆ ఘట్టంలో పలకాల్సిన మాట. అవతలి నుంచి "చేతి పని సార్" అని జవాబు వస్తుంది. "చేతి పనే, కనబడుతుంది కదా, ఫినిషింగ్ లేదు" అన్నది దానికి తిరుగులేని సమాధానం. ధర సగానికి వచ్చాక "మళ్లీ వస్తం" అనే మాటతో బేరం ముగుస్తుంది. మేళా పది రోజులకు ఎత్తేస్తారు.

కిలో లెక్కలో ఒక సౌకర్యం ఉంది. మైనం కరిగిపోయింది, కాబట్టి తూకానికి రాదు. కట్టెలు బూడిదయ్యాయి, తూకానికి రావు. అచ్చు పగిలింది, తూకానికి రాదు. ఇత్తడి అందక పాడైపోయిన వెనకటి బొమ్మ అసలే రాదు. పని మొత్తంలో కళ్ల ముందు మిగిలేది ఇత్తడి ఒక్కటే; దాన్ని కూడా ఓజా తన డబ్బుతో కొన్నాడు.

ఇలా బేరమాడే మనిషిని పిసినారి అనుకుంటే పొరపాటే. ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం ఉంది. ఐపీఎల్ రోజుల్లో అదే మనిషి టికెట్ బ్లాకులో కొని, బండి పెట్టుకోవడానికి అడిగినంత ఇచ్చి, లోపల తినే సమోసాకు చెప్పిన ధర చెల్లించి, గొంతు పోయేదాకా అరిచి సంతోషంగా ఇంటికి పోతాడు. అక్కడ అడిగిన ధరకు నోరు మెదపకపోవడం నాగరికత. బేరానికి ఎదుటివాడు నేల మీద కూర్చుని ఉండాలి, సాయంత్రం బస్సెక్కాల్సిన తొందరలో ఉండాలి, భాష కాస్త తడబడాలి.

ప్రభుత్వాలకు కళాకారుల బాధలు తెలియవని అనడానికి వీల్లేదు. అందుకే కళాగ్రామాలు కట్టాయి. 1992లో మాదాపూర్‌లో తలపెట్టిన శిల్పారామం వీటిలో పెద్దది, ఉప్పల్‌ది దానికి చిన్న తమ్ముడు. కళాగ్రామం సూత్రం తేలికే: కొండ మీది మనిషిని కిందికి దింపి, అతనికి ఇక్కడ కొండ వాతావరణం సమకూర్చడం. స్టూడియోలున్న నాచారం పక్కనే ఉంది కాబట్టి అడవిని సెట్టుగా వేయడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. సెలవు రోజు సాయంత్రం కుటుంబాలు వస్తాయి, పిల్లలకు పల్లె చూపిస్తాయి, ఐస్‌క్రీం తిని పోతాయి. పల్లె అంటే ఇంత శుభ్రంగా ఉంటుందా అని అడిగే పిల్లవాడికి సమాధానం చెప్పగల మనిషి అప్పటికే ఆసిఫాబాద్ బస్సులో ఉంటాడు.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. అదే ఏడు ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి స్తంభాలు నిలబడ్డాయి, పైన బండి నడవలేదు. ఆ స్తంభాల కింద గుంతల్లో బండి నడిపినవాళ్లకు ట్యాగ్ సంగతి విడమరచి చెప్పాల్సిన పని లేదు. జీఐ చట్టం చేసేది ఒక్కటే: ఆదిలాబాద్ డోక్రా అనే పేరును ఇంకెవరూ వాడుకోకుండా ఆపుతుంది. ధర పెంచదు, కొనేవాణ్ని తేదు. పైగా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డోక్రాకు అలాంటి ట్యాగే అంతకు ముందే ఉంది. మేళాలో బస్తర్ గుర్రాన్నీ ఆదిలాబాద్ నెమలినీ ఒకే బల్ల మీద పెడితే తేడా చెప్పగలిగేవాళ్లు ఇద్దరే: ఆ గుర్రం చేసినవాడు, ఆ నెమలి చేసినవాడు.

వస్తువుకు ట్యాగ్ వచ్చినట్టే మనుషులకు బిరుదులూ వచ్చాయి. ఆసిఫాబాద్ కొండల్లోనే, మర్లవాయిలో గుస్సాడీ నాట్యం నేర్పిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలు మీద పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో వచ్చింది. ఆయన కూడా 2024లోనే పోయారు. నల్లమల వైపు కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లోనే వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయాంజల్‌లో, కడుతున్న ఇంటి దగ్గర కూలి పని చేస్తూ కనిపించారు. వార్త, ఫొటో అన్ని పత్రికల్లోనూ బాగా వచ్చాయి. సన్మానాలకు లోటు లేదనడానికి ఇవి చాలు. తెలుగునాట సన్మానం అంటే శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో. మెమెంటో మాత్రం సాధారణంగా ప్లాస్టిక్‌ది. ఇత్తడిది ఖర్చు ఎక్కువ.

ఇక నగరం ఉచితంగా ఇచ్చేది సలహా. దేవుళ్లు, గంటలు మానేసి సెల్‌ఫోన్ స్టాండ్లు, పెన్ను డబ్బాలు, కీచెయిన్లు చేయమని ఒక సలహా. ఆన్‌లైన్‌లో పెట్టమని ఇంకొకటి. సైజు తగ్గిస్తే ధర తగ్గుతుందన్నది అందరూ ఇచ్చేది. పని తెలిసినవాళ్లకు మాత్రం బొమ్మ చిన్నదైన కొద్దీ మైనపు పోగు సన్నబడుతుందని, పోగు సన్నబడిన కొద్దీ చుట్టడం కష్టమని తెలుసు. పిల్లలకు ఈ విద్య తప్పకుండా నేర్పాలని ఇచ్చే సలహా మరీ పెద్ద మనసుతో కూడినది. అది ఇచ్చేవాళ్ల పిల్లలు హబ్సిగూడలో ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో ఉంటారు.

జీఐ ట్యాగ్ శాశ్వతం కాదు, గడువు పదేళ్లే. గడువు తీరినప్పుడు పేరు నిలబెట్టుకోవాలంటే నమోదు చేయించుకున్న సంఘం రుసుము కట్టి పునరుద్ధరించుకోవాలి. ఆ రుసుము దగ్గర బేరం ఉండదు.