అందరూ మగపెళ్లివారే

నాలుగు రోజులు మగపెళ్లివారిలా బతకాలంటే ఎంతవుతుందని మన దగ్గర అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. అమెరికాలో దానికి ధరల పట్టిక ఉంది. విడిది, మూడు పూటలా భోజనం, మధ్యమధ్య పలహారాలు, రోజూ దుప్పటి మార్చే మనిషి, కాఫీ చల్లారిందని అలిగే హక్కు, ఆ అలక తీర్చడానికి పరుగెత్తుకొచ్చే యూనిఫాం కుర్రాడు... అన్నీ కలిపి తలకు ఇంత అని ముందే చెప్పేస్తారు. దాన్ని క్రూయిజ్ అంటారు. ఓడలోకి వేల మంది ఎక్కుతారు. అందరూ మగపెళ్లివారే.

ఈ వ్యాపారానికి దారి వేసినవాడు హాంబర్గ్ ఓడల కంపెనీ ఆసామి ఆల్బర్ట్ బాలిన్. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గిపోయి ఓడలు ఊరికే పడుంటున్నాయని ఆయనకు బెంగ పట్టుకుంది. 1891లో అగస్టా విక్టోరియా అనే ఓడలో కాస్త కలిగినవాళ్లను ఎక్కించుకుని మధ్యధరా సముద్రమంతా తిప్పి, ఎక్కించిన చోటే దించాడు. ఎక్కడికీ చేర్చని ప్రయాణానికి కూడా జనం టికెట్టు కొంటారని ఆ దెబ్బతో తేలిపోయింది. ఆ తర్వాత ఓడలు ఊళ్లంత అయ్యాయి. 2024 జనవరిలో మయామీ నుంచి బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో ఇరవై అంతస్తులు. నిండా ఎక్కితే ప్రయాణికులే ఏడు వేల ఆరు వందల మంది. ఇంతమందికి ఒకేసారి ఎదురుకోలు చేయాలంటే ఆడపెళ్లివారు ఎంత గట్టివాళ్లై ఉండాలో ఆలోచించండి.

డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్లకు దగ్గరి రేవు గాల్వెస్టన్. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మొదటి నెల నయాగరా, రెండో నెల పిట్స్‌బర్గ్ వెంకన్న. మూడో నెలకు ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కష్టమవుతుంది. అప్పుడు క్రూయిజ్ బుక్ చేస్తారు. మా అల్లుడిది ఇంకా పెద్ద గుండె. వాళ్ల అమ్మానాన్నలనూ మమ్మల్నీ ఒకే ఓడ ఎక్కించాడు. వియ్యాలవారిని ఒకే కప్పు కింద ఉంచకూడదని పెద్దలు చెప్పారు గానీ, ఆ పెద్దలెవరూ డాలస్‌లో ఉద్యోగం చెయ్యలేదు. ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు ఒకటే సెలవు, ఒకటే డిస్కౌంటు.

గదుల పంపకంలోనే అసలు రుచి తెలిసింది. ఓడలో గదులు వర్ణాశ్రమ ధర్మం ప్రకారం ఉంటాయి. పైన సూట్లు, తర్వాత బాల్కనీ గదులు, ఆ తర్వాత తెరవడానికి వీల్లేని కిటికీ ఉన్నవి, అన్నిటికీ చివర ఏ కిటికీ లేని లోపలి గదులు. బావగారికి బాల్కనీ గది, మాకు లోపలి గది. అల్లుడు నా దగ్గరకొచ్చి సంజాయిషీ చెప్పబోయాడు. అక్కర్లేదన్నాను. ఆడపిల్లను ఇచ్చినవాడు గాలీ వెలుతురూ కూడా అడిగితే బాగుండదు.

ఎక్కేరోజు కంటే దానికి ముందు వారాలే ఎక్కువ పని పెడతాయి. ఫోన్లో చెకిన్ చెయ్యాలి, పాస్‌పోర్టు ఎక్కించాలి, సెల్ఫీ దిగాలి, రేవుకు ఏ అరగంటలో వస్తారో ముందే చెప్పాలి. సామాను చీటీలు ఇంట్లోనే ప్రింటు తీసి, మడతపెట్టి, పెట్టెల పిడులకు పిన్ను కొట్టుకోవాలి. అల్లుడు వాటితోపాటు ఐ-797 కాగితం, జీతం స్లిప్పులు, ఐ-94 నకళ్లు ఒక ఫైల్లో పెట్టుకున్నాడు. హెచ్1బీ వీసా వాడికి సముద్రస్నానమైనా ఇమ్మిగ్రేషన్ వ్యవహారమే. ఓడ మెక్సికో తాకి వస్తుంది కదా, తిరిగి రానిస్తారా లేదా అని దారిపొడవునా అయిదు గంటలూ మథనపడ్డాడు.

మెక్సికో ఎందుకు తాకాలన్నది మంచి ప్రశ్నే. ఈ రేవుల్లో కనిపించే పెద్ద ఓడలు చాలావరకు యూరప్‌లో కట్టినవి. ఎక్కేవాళ్లు అమెరికన్లు, జెండా మాత్రం బహామాస్‌దో పనామాదో. అమెరికా కనీస వేతనం గొడవ అందులో పనిచేసేవాళ్లకు అంటకుండా ఆ జెండా గొడుగులా కాస్తుంది. అయితే ప్రయాణికుల్ని పరాయి జెండా ఓడల్లో తమ రేవుల మధ్య తిప్పకూడదని అమెరికా 1886లో ఒక చట్టం చేసింది. ఎక్కించిన రేవులోనే దించాలన్నా మధ్యలో ఒక పరదేశపు గట్టు తాకి రావాలి. అందుకని మెక్సికోలోని కొజుమెల్. వేల మంది అక్కడ దిగి టోపీలు కొనుక్కుని ఎక్కుతారు. చట్టం సంతోషిస్తుంది.

రేవు దగ్గర కారు ఆగగానే పోర్టర్లు పెట్టెలు అందుకుంటారు. సాయంత్రానికి గది ముందుకు చేరుస్తారు. ఇదీ ఏర్పాటు. బావగారు పెట్టె పిడి వదల్లేదు. "రసీదేదీ?" అన్నారు. రసీదు ఉండదని అల్లుడు చెప్పాడు. "ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు నా పెట్టె పట్టుకుపోతుంటే రసీదు లేదంటావేంట్రా!" పోర్టరు నవ్వుతూ అటు పక్కనుంచి లాగుతున్నాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. చివరికి మా అమ్మాయి ఆ పెట్టెను ఫోన్లో ఫొటో తీసి ఆయనకు చూపించాక పిడి వదిలారు. బీపీ మాత్రలు కూడా ఆ పెట్టెతోనే వెళ్లిపోయాయని బఫే దగ్గర గుర్తొచ్చింది. అనుభవమున్నవాళ్లు మందులూ, ఒక జత బట్టలూ చేతిసంచిలోనే పెట్టుకుంటారట. మాకు ఆ మాట చెప్పినాయన అప్పటికే ఈతకొలనులో ఉన్నాడు.

గదులు మధ్యాహ్నం దాకా సిద్ధంగా ఉండవు. ఎక్కినవాళ్లందరినీ పై అంతస్తులో బఫే మీదికి తోలుతారు. అక్కడికి చేరేలోపు ఫొటోగ్రాఫర్ ఆపుతాడు. అసలు ఓడ కళ్లెదుట పదంతస్తుల ఎత్తున నిలబడి ఉండగా, ఓడ బొమ్మ వేసిన తెర ముందు నిలబెట్టి ఫొటో తీస్తాడు. ఆ ఫొటో కావాలంటే ఇరవై డాలర్ల పైమాటే. బావగారు మొహం తిప్పుకుని దాటిపోబోయారు. వదినగారు అప్పటికే చీర కుచ్చిళ్లు సర్దుకుని నిలబడ్డారు.

బఫేలో ఒక మూల కూరా అన్నం ఉన్నాయి. వడ్డిస్తున్నది గోవా అబ్బాయి. రేపటికి పప్పు చేయిస్తానని హిందీలో మాటిచ్చాడు. ఓడ మీద మన శాకాహారం నడిచేది మెనూల వల్ల కాదు, ఇలాంటి కుర్రాళ్ల దయ వల్ల. బావగారు వంకాయ కూర రుచి చూసి, "ఉప్పు తక్కువైంది" అన్నారు. ఆ కుర్రాడు రెండు చేతులూ జోడించాడు. బావగారి మొహంలో వెలుగు చూశాను. మా అమ్మాయి పెళ్లిలో ఇదే మాటకు నేనూ అలాగే చేతులు జోడించాను. నాకంటే వాడే బాగా చేశాడు, శిక్షణ ఇస్తారనుకుంటా.

ఇక గది. నూటయాభై, నూటఅరవై చదరపు అడుగులు ఉంటుంది. గోడలు ఇనుప రేకువి. తెలిసినవాళ్లు అయస్కాంతం కొక్కేలు తెచ్చుకుని సంచులూ టోపీలూ వేలాడదీసుకుంటారు. స్నానాలగదిలో చెంబు ఉండదు. కాగితం ఉంటుంది. చెంబు ఎందుకు పట్టుకెళ్తున్నావని నేను ఇంటి దగ్గర వేళాకోళం చేసినప్పుడు మాట్లాడకుండా చేతిసంచిలో సర్దుకున్న మా ఆవిడ, ఇప్పుడు దాన్ని ఒక్కసారి గాల్లోకి ఎత్తి చూపించింది. టాయిలెట్ మీట నొక్కితే పిడుగు పడ్డట్టు చప్పుడై మొత్తం లోపలికి పీల్చేస్తుంది. దీపం ఆర్పితే రాత్రో పగలో తెలియదు. అంత చక్కటి నిద్ర నేను రిటైరయ్యాక ఎప్పుడూ పోలేదు.

బావగారి బాల్కనీ సంగతి నిద్ర లేచాక తెలిసింది. తలుపు తీస్తే ఎదురుగా, దాదాపు చేతికందేంత దూరంలో, నారింజ రంగు లైఫ్‌బోటు వేలాడుతోంది. దాని మీద అంకె ఉంది, పక్కన ఎంతమంది పడతారో రాసుంది. సముద్రం దాని వెనక ఉండాలి. బుకింగ్‌లో "కొంత అడ్డు" అని చిన్న అక్షరాల్లో రాస్తారు. ధర తక్కువైతే అల్లుళ్లు చిన్న అక్షరాలు చదవరు. ఆ బోటును నేను కాసేపు మెచ్చుకున్నాను. కొత్త పెయింటు వేశారండీ బావగారూ, అన్నాను. ఆయన బదులివ్వలేదు.

ఓడ కదిలేలోపు ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో అందరూ నేర్చుకోవాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే కార్డు మీద రాసిన చోటికి చేరాలి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం కొత్తగా ఎక్కినవాళ్లకు ఈ తాలీము అప్పటికింకా జరగలేదు. బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే అది జరగాలన్న నియమం ఆ తర్వాతే వచ్చింది. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్లోనో టీవీలోనో వీడియో చూసి, ఆ చోటికి ఒకసారి వెళ్లి కార్డు గీయించుకుంటే చాలు. ఆ వీడియో నడుస్తుండగా మా చుట్టూ ఉన్నవాళ్లు రాత్రి భోజనానికి వేళ ఖాయం చేసుకుంటున్నారు. బావగారు కార్డు గీయించుకోవడానికి రానన్నారు. "బోటు నా బాల్కనీ ముందే ఉంది. అవసరమైతే నేను అక్కణ్నుంచే ఎక్కుతా." బావగారి కార్డు నంబరు మైకులో రెండుసార్లు చదివాక లేచారు.

రాత్రికి అందరి పెట్టెలూ వచ్చాయి, వదినగారిది తప్ప. వెళ్లి చూస్తే కింది అంతస్తులో ఒక గదిలో పెట్టారు. ఓడవాళ్లు నీళ్ల కంటే నిప్పుకు ఎక్కువ భయపడతారు. ఇస్త్రీ పెట్టెలు, కెటిళ్లు, కొవ్వొత్తులు, కొన్ని రకాల ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఏవీ పైకి రానివ్వరు. పొడుగు బల్ల మీద అవన్నీ చీటీలు కట్టుకుని వరసగా ఉన్నాయి. వాటి మధ్య, చీరల్లోంచి బయటికి తీసిన బుజ్జి రైస్ కుక్కరు. "అన్నం లేకపోతే ఈయనకు పడదని..." అని వదినగారు గొణిగారు. బావగారు ఇస్త్రీ పెట్టెలన్నీ పరిశీలనగా చూసి, "ఇవన్నీ దొరలవే కదా" అని కుదుటపడ్డారు. దిగే రోజు తీసుకోమని సెక్యూరిటీ అమ్మాయి కుక్కరుకు రసీదు రాసిచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు. పొద్దుట్నుంచీ అడుగుతున్న రసీదు.

డబ్బు మాట చివరికి గానీ రాదు. ఓడలో ఎవరూ రొక్కం పట్టుకోరు. గది తాళమే పర్సు. గీకుతూ పోవడమే. రోజుకు మనిషికి పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా టిప్పు దానంతటదే ఖాతాలో పడుతుంది. వైఫై వేరు, స్పెషల్ హోటళ్లు వేరు. మగపెళ్లివారి చేతే ఆడపెళ్లివారికి చదివింపులు చదివించే పద్ధతి మనవాళ్లకు ఎందుకు తట్టలేదో! టిప్పు తీయించెయ్యాలని బావగారు కౌంటరు ముందు నలభై మంది వెనక నిలబడ్డారు. ఆ వరసలో ఒకరికి దిండు మెత్తగా లేదు, ఒకరికి మరీ మెత్తగా ఉంది, ఒకామెకు పక్కగదివాళ్ల గురక.

వరస కదలకపోవడంతో ఆయన పక్కనున్న బార్‌లో డ్రింక్స్ ప్యాకేజీ చూశారు. రోజుకు మనిషికి అరవై డాలర్లు దాటుతుంది, ఎన్నయినా తాగొచ్చు. ఆ "ఎన్నయినా" అన్న మాటకు ఆయన పడిపోయారు. కొన్నాక తెలిసిందేమిటంటే, గదిలో పెద్దవాళ్లలో ఒకరు తీసుకుంటే రెండోవారూ తీసుకోవాల్సిందే. వదినగారి పేరున కూడా గీకేశారు. ఆమె జన్మలో మందు ముట్టలేదు.

మేం వెళ్లేసరికి వదినగారు బార్ ముందు ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా పైనాపిల్ రసం, దాని పక్కన మామిడి రసం, ఖాళీ కాఫీ కప్పులు రెండు. "ఇంకా ఎన్ని తాగితే గిట్టుబాటవుతుంది నాన్నా?" అని కొడుకును అడుగుతున్నారు. వాడు ఫోన్లో లెక్క వేస్తున్నాడు.