మూలింటి సౌండు

2019 వేసవి. పెనుగొలనులో రాత్రి ఏడున్నరకి ఏ వీధిలో నడిచినా ‘కార్తీకదీపం’ సీరియల్ ఒక్క మాట పోకుండా వినపడేది. ఒకరి గుమ్మం దగ్గర మొదలైన ఏడుపు నాలుగో గుమ్మం దాకా మన వెంటే వచ్చేది. మొగుడు అనుమానించి వదిలేస్తే వంటలు చేసి బతికే ఆ దీపని ఊళ్ళో ఎవరూ దీప అనరు, వంటలక్క అంటారు. ఆ పిల్ల కంట నీరు పెడితే మా అత్తయ్య కొంగు తడిసేది. అవి దొంగ కన్నీళ్ళు కావు. పక్కనే కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా బావ హైదరాబాదులో ఒక చానల్లో రేటింగుల లెక్కలు చూస్తాడు. మామిడికాయల రోజులని ఊరొచ్చాడు. అత్తయ్య వరండాలో ఆవకాయకి ముక్కలు కొట్టించింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు చేరి, ఒక్కో ముక్కలో జీడి తీసి, టెంకకి అంటుకున్న పొర గీకి, పొడిగుడ్డతో తుడిచి పళ్ళెంలో వేస్తున్నారు. గుమ్మానికి ఎదురుగా టీవీ. చేతులు ముక్కల మీద, కళ్ళు లోపల.

“మేం చూస్తున్నట్టు మీకెట్టా తెలుస్తది అబ్బాయ్?” అని ఎదురింటి పిన్ని అడిగింది.

బావకి అంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. బార్క్ అనే సంస్థ కొన్ని ఇళ్ళని ఎంచి మీటర్లు పెడుతుందనీ, అవి ఎవరిళ్ళో బయటికి చెప్పరనీ చెప్పాడు. ఇంట్లో మనిషికొక బటను. టీవీ ముందు కూర్చోగానే ఎవరిది వాళ్ళు నొక్కాలి. ప్రతి గురువారం లెక్కలొస్తాయి. ఆ అంకెని బట్టే ప్రకటనల ధర, ఆ ధరని బట్టే సీరియల్ బతుకు.

“2015 అక్టోబరు దాకా పల్లెటూళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు పిన్నీ. మీరెంత చూసినా చూడనట్టే. ఇప్పుడు మీరు ఏడిస్తే హైదరాబాదులో తెలుస్తుంది.”

ఆ మాటకి వాళ్ళ మొహాలు వెలగడం నాకింకా గుర్తుంది. న్యాయమే. దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు 2018 సర్వేలో 19.7 కోట్లు. వాటిలో సగానికి పైగా పల్లెల్లోనే ఉంటే, ఎవరికేం కావాలో పట్నాలు తేల్చడం ఏం పద్ధతి?

“అయితే ఆ మీటరు మన మాటలన్నీ వింటదా?” అత్తయ్య చేతిలో ముక్క అట్లాగే ఆగిపోయింది.

“లేదమ్మా. సీరియల్ సౌండులో చెవికి వినపడని గుర్తు ఒకటి కలిపి పంపుతారు. దాన్నే పట్టుకుంటుంది. ఇంట్లో మీరు తిట్టుకున్నా కొట్టుకున్నా దానికక్కర్లేదు.”

అత్తయ్య స్థిమితపడింది.

ఏడున్నరయింది. పాట మొదలవగానే ఎవరూ మాట్లాడలేదు. వీధి చివర మూలింటి నుంచి కూడా ఆడమనిషి ఏడుపు, మధ్యమధ్య మగగొంతు గద్దింపు. బావ అటు చెవి పెట్టి విని మురిసిపోయాడు.

“నేనొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఆ మూలింట్లో రోజూ ఇదే టయానికి ఎంత సౌండు పెడతారో! అట్లాంటి ఇంట్లో మీటరు పడాలి.”

ఎదురింటి పిన్ని అత్తయ్య వంక చూసింది. అత్తయ్య పళ్ళెం ముందుకి జరుపుకుని, “ముక్కలకి తడి తగలనీయకండి, బూజొస్తది” అంది.

ఇంతలో గాలిదుమారం లేచింది. తోటల వైపు కాయలు టపటపా రాలుతున్న చప్పుడు. ఫెళ్ళుమని ఒక మెరుపు, కరెంటు పోయింది. ఊరంతా ఒక్కసారిగా టీవీలు ఆగిపోయాయి. మంచి పట్టులో పోయిందని అత్తయ్య కరెంటు వాళ్ళని తిట్టి, విసనకర్ర అందుకుంది.

గాలి కాస్త నెమ్మదించింది. వీధంతా చీకటి. మూలింట్లో మాత్రం ఆ ఏడుపు అదే గొంతుతో సాగుతోంది. బిందె దొర్లిన చప్పుడైంది. మగగొంతు ఇంకాస్త పెరిగింది.

బావ లేచి నిలబడ్డాడు.

“వాళ్ళకి ఇన్వర్టరుందా?”

ఎవరూ పలకలేదు. కాసేపటికి ఎదురింటి పిన్నే అంది.

“ఇన్వర్టరెక్కడిది అబ్బాయ్! ఆ ఇంట్లో టీవీయే లేదు. పోయినేడు మిరప పోయినప్పుడు అమ్మేశాడుగా.”

“మరి రోజూ ఏడున్నరకి...”

“మిగతా టయాల్లో అయితే నలుగురికీ వినపడతదని.”

బావ మెట్టు దిగాడు. రెండో మెట్టు మీద ఉండగానే కరెంటొచ్చింది. ఇల్లిల్లూ టీవీలు గొంతెత్తాయి. మూలింటి ఏడుపు వాటిలో కలిసిపోయింది.

అత్తయ్య పళ్ళెం పక్కకి నెట్టి గబగబా లోపలికి నడిచింది.

“రండి రండి, మళ్ళీ మొదలైంది. పాపం, ఆ వంటలక్క గతి ఏమైందో ఏమో!”