పిండికి పుణ్యము, దోసెకు పన్ను

పన్ను వేయునప్పుడు ప్రభుత్వము మనల నేమియు అడుగదు. దుకాణము తెరచిన నెలలోనే, దరఖాస్తు లేకుండ, సిఫారసు లేకుండ, మన యోగ్యతాయోగ్యతలతో నిమిత్తము లేకుండ, కరెంటు బిల్లు అడుగున చిన్న పంక్తియై తనంత తానే వచ్చి కూర్చుండును. అదే ప్రభుత్వము ఆ పన్నును మినహాయింప దలచినప్పుడు మాత్రము దానికి ఎక్కడలేని జిజ్ఞాసయు పుట్టుకొని వచ్చును. నీవు చేయుచున్నది తయారీయా, వర్తకమా. నీ గోడమీది దీపము ఏ వేళ, ఏ గదిలో, ఎవరి నిమిత్తము వెలుగుచున్నది. ఆ వెలుతురున నీవు పని చేయుచుంటివా, ఊరక కూర్చుండి కాఫీ త్రాగుచుంటివా యని తరచి తరచి యడిగి, చెప్పిన దానికెల్ల సాక్ష్యము కోరి, ఆ సాక్ష్యము పట్టభద్రుడైన ఇంజనీరు నోటనే రావలెనని శాసించును. ఇది నా కల్పన కాదు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు చట్టము. కరెంటు బిల్లుపై అమ్మకపు పన్ను తీసివేయించుకొనుటకై చిన్న వ్యాపారి అచ్చట నడుపవలసిన క్రతువును, డల్లసు ప్రక్కనున్న ఇర్వింగులో మా బావమరిది ఇంట కొన్నాళ్ళుండి నేను ఆమూలాగ్రముగా తిలకించితిని.

టెక్సాసు ప్రజలకు రాష్ట్ర ప్రభుత్వమునకు కట్టవలసిన ఆదాయపు పన్ను లేదు. అందులకు వారెంతయు గర్వింతురు; ఆ గర్వమునకు మూల్యమును అంగడిలో కొన్న పెక్కు వస్తువులపై అణాపైసలతో చెల్లింతురు. 1961లో ఈ అమ్మకపు పన్ను నూటికి 2 వంతున పుట్టినప్పుడు, నాటి గవర్నరు ప్రైస్ డేనియల్ దానిపై సంతకము చేయుటకు మనసొప్పక, అడ్డుకొనుటకు వీలు చాలక, సంతకము లేకయే చట్టమగునట్లు విడిచిపెట్టెను. తండ్రి బారసాలకు రాలేదని బిడ్డ ఎదుగుట మానునా? నేడది రాష్ట్రమునకు నూటికి 6.25, నగరములు మొదలగు స్థానిక సంస్థలకు అత్యధికముగా 2, వెరసి 8.25 వరకు పెరిగినది.

అయినను ఆ రాష్ట్ర శాసనకర్తలు నిర్దయులు కారు. ఇంటి వాడుకకు కాలిన కరెంటుపై రాష్ట్రపు పన్ను లేదు, సేద్యమునకు లేదు, అమ్మకమునకై వస్తువులు తయారుచేయు వానికిని లేదు. ఇంటివా డేమియు నిరూపింప నక్కరలేదు, ఇల్లు ఇల్లే కదా. తయారీదారు మాత్రము తాను తయారీదారుడనని నిరూపించుకొనవలెను. అందు మరల నొక మెలిక యున్నది. వస్తువు తయారుచేయుట వేరు, వంట చేసి పెట్టుట వేరు. తినుటకు సిద్ధమైన వంటకమును చేయుటయు, దానిని నిలువయుంచుటయు ఈ మినహాయింపులో చేరవని చట్టము విస్పష్టముగా పలికినది.

మా బావమరిది జీవితమంతయు ఈ భేదముమీదనే నిలిచియున్నది. అతడు దోసెల పిండి వ్యాపారి. బియ్యమును మినపపప్పును నానబోసి, కోయంబత్తూరునుండి ఓడమీద దిగిన రెండు పెద్ద గ్రైండర్లలో రుబ్బించి, పులియనిచ్చి, డబ్బాలకెత్తి మూతలు బిగించి, ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతముల కిరాణా దుకాణములకు పంపును. ఆ ఊళ్ళలో మనవారి కాపురములు ఎట్లు వర్ధిల్లినవనగా, శనివారము మధ్యాహ్నము దాటిన పిమ్మట వచ్చినవారికి డబ్బా దొరకుట పూర్వజన్మ సుకృతము. పిండిగా నున్నంతవరకు అది తయారైన వస్తువు; చట్టము దృష్టిలో నట్టుతోను బోల్టుతోను సమానము. ఆ పిండినే అతడే పెనముమీద పోసి, చుట్టును చుక్క నూనె వేసి, పళ్ళెములో పెట్టి యిచ్చెనా, అతడు తయారీదారుడు కాడు, వంటవాడు. పెనము క్రింద కాలిన ప్రతి యూనిటునకును పన్ను కట్టి తీరవలసినదే. పిండి దోసె యగుట పరిపాకమని మన మనుకొందుము. రాజధాని యగు ఆస్టిను నగరములో కూర్చున్న పన్నుల అధికారి కాంప్ట్రోలరు లెక్కలో అది పతనము.

గ్రైండరునకు మినహాయింపు, పెనమునకు పన్ను, ఇందులో చిక్కేమున్నదని పాఠకులకు తోచవచ్చును. చిక్కు మీటరులో నున్నది. ఏ యూనిటు పిండిని రుబ్బినదో, ఏ యూనిటు గుమాస్తా కంప్యూటరులో కరగినదో మీటరు చెప్పదు. అది అన్నిటిని ఒక్కటిగా కలిపి లెక్కించు సమదర్శి. కావున చట్టము భాగపరిష్కారము జోలికి పోక, ఆధిక్యమును చూడుమన్నది. వరుసగా పన్నెండు నెలల వాడుకలో సగమునకు మించి మినహాయింపునకు తగిన పనులకై ఖర్చైనచో, ఆ మీటరుపై తిరిగినదంతయు మినహాయింపే. ఆఫీసు దీపము, కాఫీ యంత్రము, చలికాలమున యజమాని పాదములచెంత నుండు హీటరు, సమస్తమును పునీతములగును. సరిగా సగమే యైనను, సగమునకు వీసమెత్తు తగ్గినను, గ్రైండర్లతో సహా సమస్తమునకును పన్ను పడును. 50 తెచ్చుకొన్న వాడును సున్న తెచ్చుకొన్న వాడును అచ్చట ఏకరీతిగా తప్పినవారే. 51 తెచ్చుకొన్నవాడు నూటికి నూరు తెచ్చుకొన్న వానితో సరిసమానుడు.

ఈ లెక్క తేల్చు అధ్యయనమును రిజిస్టరైన ఇంజనీరు గాని, గుర్తింపు పొందిన కళాశాలనుండి ఇంజనీరింగు పట్టము పొందినవాడు గాని చేయవలెను. ఇర్వింగులో రాయి విసరిన అది ఇంజనీరింగు పట్టభద్రునకు తగులును. అయితే వారందరును సాఫ్ట్‌వేరులో నిమగ్నులై, మోటారు ముఖము చూచి ఏండ్లు గడచిన మహానుభావులు. ఎట్టకేలకు మా వాడు ఈ విద్యయందే ఆరితేరిన ఒక తెలుగు యువకుని సంపాదించెను. ఆ యువకుడు ఉదయమున వచ్చి, గ్రైండరు ప్రక్కన గొంతుకూర్చుండి, మోటారునకు కొట్టిన రేకుమీద ఎండి అట్టగట్టిన పిండిని బొటనవ్రేలి గోటితో గీకి, అక్షరములు చదువుకొని, "రెండు హెచ్.పి. రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందండీ?" అని యడిగెను.

"తొమ్మిది గంటలండి. పొద్దున్న అయిదు నుంచి రెండింటిదాకా."

"ఆదివారం?"

"ఆదివారం నానబోయడమేనండి."

"నానడానికి కరెంటు అక్కర్లేదుగా," అని అతడు వ్రాసికొని, తల యెత్తి పైకప్పు వైపు చూచెను. "ఈ లైట్లు ఎప్పుడు ఆపుతారు?"

"రాత్రి ఎనిమిదింటికి."

"రెండింటికే రుబ్బడం, డబ్బాలకెత్తడం అన్నీ అయిపోతాయన్నారుగా. తర్వాతేం చేస్తారు?"

"కడుగుతామండి. గిన్నెలు, రాళ్ళు, నేల, అన్నీ."

"కడగడం తయారీ కాదండి," అని ఆ యువకుడు కడు నొచ్చుకొనుచు పలికెను.

ఆ కుఱ్ఱవాని తప్పేమియు లేదు. తయారీ గదిలో దీపములకును చల్లదనమునకును వెచ్చదనమునకును మినహాయింపు కలదు. కాని అది నిజముగా తయారీ జరుగుచున్న సమయమునకే చెల్లును. అదే దీపము, అదే స్విచ్చి, అదే గోడ. రెండు గంటలు కొట్టువరకు మన పక్షమున వెలుగును, కొట్టిన మరుక్షణము ప్రతిపక్షమున చేరును. అంతకన్న సూక్ష్మమైన ధర్మసందేహము మా బావమరిదికే కలిగెను. జనవరి చలిలో పిండి పొంగుటకై వెనుక గదిలో రాత్రియంతయు హీటరు వెలుగుచుండును. మనిషి లేడు, యంత్రము తిరుగదు, పిండి చీకటిలో తనంత తాను పులియుచుండును. అది తయారీయా, కాదా? ఇంజనీరు కొంతసేపు ఆలోచించి, పులియుట వస్తువు యొక్క గుణమునే మార్చునది గనుక తయారీలోనిదే యని తీర్పు చెప్పెను. ఆ విధముగా పిండిని వెచ్చగా నుంచు హీటరు మాకు అనుకూలముగాను, పిండి యజమానిని వెచ్చగా నుంచు హీటరు ప్రతికూలముగాను లెక్కకు వచ్చినవి.

పెద్ద దెబ్బ కూలరు కొట్టెను. మూత బిగించుటతో తయారీ ముగిసినది. అటుపిమ్మట డబ్బాలను చల్లగా నుంచుట నిలువయే గాని తయారీ కాదు. ఆ కూలరో, రాత్రింబవళ్ళు విశ్రాంతి యెరుగనిది. ఆగస్టు నెలలో డల్లసున ఎండ నూరు డిగ్రీల ఫారన్‌హీటు దాటుట నిత్యకృత్యము గనుక అది మూలుగుచు ఘోషించుచు యూనిట్లను దిగమ్రింగును. ఈ రహస్యము తెలిసిన నాటినుండి మావాడు తన ఆఫీసు గదిలో ఏ.సి. ఆపివేసి, బనీనుతో కూర్చుండి, శాతము కొరకు చెమటోడ్చెను. ప్రతి స్వేదబిందువును 50కి పైన ఒక పూసగా అతడు భావించుకొనెను.

ఇంత తపస్సునకు ఫలమెంత? నెలకు కరెంటు ఖర్చు 1,500 డాలర్లనుకొన్నచో, 8.25 వంతున పన్ను 123 డాలర్ల 75 సెంట్లు; ఏడాదికి 1,485 డాలర్లు. అందుండి ఇంజనీరు రుసుము పోవలెను. నెలకు లక్షల డాలర్ల బిల్లు వచ్చు ఉక్కు కర్మాగారమునకు ఈ అధ్యయనము ఒక గుమాస్తా మధ్యాహ్నపు పని; దాని ఇంజనీర్లు దానికే యున్నారు, దాని ఆఫీసునకు వేరు మీటరు, కొలిమికి వేరు మీటరు. ఒకే కప్పు క్రింద రుబ్బురోలు, గల్లాపెట్టె, కూలరు, కుర్చీ ఇరికించుకొని బ్రతుకు చిన్నవానికే ఈ సగము తక్కెడ ప్రాణాంతకము. తయారీదారుల కొరకని వక్కాణించు మినహాయింపు, చిన్నవాని చిన్నతనమునే వానికి వ్యతిరేకముగా సాక్ష్యము పలికించుచున్నదని నా అభిప్రాయము. మన ఆంధ్రమున నిట్టి మీమాంస లేదు. కరెంటుపై జి.ఎస్.టి. లేదు, దానిపై పన్ను రాష్ట్రముల సొత్తు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు, వాణిజ్యమునకు యూనిటుకు 6 పైసలున్న విద్యుత్ సుంకమును 2022లో ఏకముగా ఒక రూపాయి చేసినప్పుడు, పిండియా దోసెయా యని ఎవ్వరినీ అడుగలేదు. ఇద్దరికిని సమానముగా వడ్డించిరి.

పన్నెండు నెలల లెక్క తేలి 54 వచ్చెను. ఇంట పాయసము వండిరి. ఇక మిగిలినది ఒక్క కాగితము. ఆ కాగితమునకు రెండు ముఖములు: ఒక వైపున తిరిగి అమ్ముటకు కొనుచున్నానను ధ్రువపత్రము, రెండవ వైపున పన్ను మినహాయింపు ధ్రువపత్రము. ఈ రెండవదానికి ఏ సంఖ్యయు లేకున్నను చెల్లునని దానిమీదనే అచ్చువేసి యుండును; అబద్ధముగా ఇచ్చినచో ఎగవేసిన మొత్తమును బట్టి చిల్లర నేరము మొదలు ఘోరాపరాధము వరకు కాగలదని కూడ అచ్చటనే యుండును. అంత ఉదారమును అంత ఉగ్రమును అగు కాగితమును ఒక్క పుటలో నేనింతవరకు చూచి యెరుగను. మావాడు ఆనందాతిశయమున మొదటి వైపు నింపి పంపెను. కరెంటు కంపెనీనుండి ఒక అమ్మాయి ఫోను చేసి, మీరు మా కరెంటును మరల ఎవరికి అమ్ముచున్నారని మిక్కిలి మర్యాదగా అడిగినదట.

వెనుక కట్టిన పన్నును నాలుగేండ్ల వరకు తిరిగి కోరవచ్చును. తొలుత వసూలు చేసిన కంపెనీ నడుగవలెను. అది తానే యియ్యవచ్చును, లేదా ఆ హక్కును మనకు వ్రాసియిచ్చి కాంప్ట్రోలరు వద్దకు పొమ్మనవచ్చును. తిరిగి వచ్చిన సొమ్ములో పాలు పుచ్చుకొని ఈ పని చేసిపెట్టు నిపుణులు అచ్చట కొల్లలుగా నున్నారు. ప్రభుత్వము వదలుకొన్న ధనమున కొంత వారికి జీవనోపాధి. 2002 జనవరి నుండి టెక్సాసులో చాలవరకు కరెంటును ఇష్టమైన కంపెనీ వద్ద కొనుక్కొనవచ్చును గనుక, చవకకు ఆశపడి కంపెనీ మార్చినప్పుడెల్ల ఆ ధ్రువపత్రము క్రొత్తవారికి మరల సమర్పింపవలెను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టోకు కరెంటు ధర మెగావాటు గంటకు 9,000 డాలర్ల గరిష్ఠమునకు ఎక్కి, లక్షలాది ఇండ్లును దుకాణములును చీకటిలో మునిగినప్పుడు మాత్రము, ఏ అధ్యయనమును ఏ దరఖాస్తును లేకుండనే అందరికిని పన్ను మినహాయింపు లభించినది.

పాయసము అరుగకముందే మా చెల్లెలు, అనగా బావమరిది భార్య, క్రొత్త ఆలోచన లేవనెత్తెను. "అన్నయ్యగారూ, పిండి కోసం వచ్చేవాళ్ళు ఇక్కడే రెండు వేడి ఇడ్లీలు దొరుకుతాయా అని అడుగుతున్నారు. పెడితే బాగుంటుంది కదా?"

మా బావమరిది ముఖము వెలవెలబోయెను. లాభమెంత యని గాక, శాతమెంత యని అతడు లెక్కించుచున్నాడు. "ఇడ్లీ అంటే వంటకం. అటువైపు చేరుతుంది. యాభై నాలుగు కాస్తా యాభైకి దిగితే?"

"ఇడ్లీ పొయ్యి గ్యాసుది కదండీ! వేడినీళ్ళకి పెట్టిన గ్యాసు మీటరు ఎలాగూ మొదటినుంచీ పన్ను కడుతూనే ఉంది. దానిమీద ఇంకో పొయ్యి పెడితే మీ కరెంటు మీటరుకి వచ్చిన నష్టమేంటి?"

నేను నిర్ఘాంతపోతిని. ఏ మీటరు లెక్క ఆ మీటరుదే యను సూక్ష్మమును ఆమె ఇంజనీరు మాటలలోనే పట్టుకొన్నది. మావాడు వెంటనే అతనికి ఫోను చేసెను. అతడంతయు విని, "ఐడియా బాగుందండి. కానీ ఇడ్లీలు తినేవాళ్ళు కూర్చునే చోట లైట్లు, ఏ.సి. ఏ మీటరు మీద పెడతారు?" అని యడిగెను.

ఆమె ఫోను లాగుకొనెను. "కూర్చోబెట్టం బాబూ. కిటికీలోంచి పొట్లం కట్టి ఇచ్చేస్తాం."