గజాల్లో కొలవని గుడ్డ

గజం అనే మాట ఒకప్పుడు గుడ్డల కొట్లో వినపడేది. ఇప్పుడు ఉప్పల్ చౌరస్తాలో నిలబడి "గజం ఎంత నడుస్తోంది?" అని అడిగి చూడండి. బట్ట సంగతి అనుకునేవాడు ఒక్కడు దొరికితే నా చొక్కా విప్పి ఇస్తాను.

హోజరీ వాళ్ల ఖర్మ ఏమిటంటే, వాళ్ల సరుకుకు గజం లెక్కే లేదు. బనియన్ గుడ్డ సాగుతుంది. లాగి పట్టుకుంటే గజం, వదిలేస్తే ముప్పావు. అందుకే దాన్ని కిలోల్లో తూచి అమ్ముతారు. గజాల్లో కొలవని సరుకు తయారుచేస్తూ నాచారంలో బతుకుదామనుకోవడం ఎంత తెలివితక్కువతనం!

అది తెలివితక్కువతనమన్న తెలివిని సర్కారువారే ప్రసాదించారు. 2025 నవంబరులో హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడికి హిల్ట్ విధానం వచ్చింది. 22 పారిశ్రామికవాడలు, 9,292 ఎకరాలు. అందులో మన ఉప్పల్, నాచారం కూడా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, రోడ్డు వెడల్పుగా ఉంటే 50 శాతం కట్టేసి, షెడ్డు కూల్చి మేడ లేపుకోవచ్చు. ఎందుకయ్యా అంటే, కాలుష్యం.

కాలుష్యం ఎక్కడుందో చూద్దామని నాకు తెలిసిన ఓ కుట్టు షెడ్డుకు వెళ్లాను. రేకుల కింద రెండు వరసల మిషన్లు. ఓవర్‌లాక్ దగ్గర కూర్చున్న ఆమె టీషర్టు భుజాలు కలిపి పక్కకు తోస్తుంటే, ఇంకొకామె మెడకు రిబ్ పట్టీ సాగదీసి పట్టుకుని ఒక్క ఊపులో గుండ్రంగా తిప్పేస్తోంది. ఆ పట్టీ కాస్త ఎక్కువ లాగితే మెడ ముడుచుకుంటుంది, తక్కువ లాగితే వేలాడుతుంది. ఎంత లాగాలో ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆమె బొటనవేలికి తెలుసు. ఆమె ముక్కు మీద తెల్లటి దూది నుసి. షెడ్డంతా వెదికినా పొగ కనపడలేదు. గేటు బయట టీ కొట్టు పొయ్యి మీద మాత్రం కనపడింది.

అద్దకం నీళ్లు విషమే, కాదనను. 2011లో మద్రాసు హైకోర్టు తిరుప్పూరులో అద్దకం యూనిట్లను మూయించింది. వాళ్లు నానా తంటాలు పడి, నీళ్లు శుద్ధి చేసుకుని మళ్లీ రంగులద్దారు. ఊరినంతా అపార్ట్‌మెంట్లు చేసుకుంటే పోలా అన్న ఆలోచన తట్టలేదు, పాపం అరవవాళ్లకు!

షెడ్లను మేడలు చేసే ఈ ఘనత ఒక్క పార్టీకే కట్టబెడితే అన్యాయం. ఉప్పల్‌లో షెడ్ల జాగాలను ఐటీ పార్కులుగా మార్చుకొమ్మని 2020లోనే అప్పటి సర్కారు కాగితాలు చేతిలో పెట్టింది. మరుసటి ఏడాది పసిపిల్లల బట్టలు కుట్టే కిటెక్స్ యజమాని కోసం కేరళకు ఏకంగా విమానం పంపింది. 2022లో, ఆంధ్రలోని రాప్తాడును వదిలేసిన జాకీ కంపెనీ ఇబ్రహీంపట్నం వస్తోందని పండగ చేసుకుంది. బనియన్లంటే మన ప్రభువులకు ప్రేమ లేదని ఎవరన్నారు? దూరపు బనియన్లు నునుపు, అంతే.

కిటెక్స్ దిగిన వరంగల్ కథ ఇంకా రుచి. 1934లో పుట్టిన ఆజం జాహి మిల్లు అక్కడే ఉండేది. అది మూతపడింది, భూమి ప్లాట్లయింది. తర్వాత 2017లో అదే వరంగల్ పక్కన మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. ముందు మిల్లును ప్లాట్లు చెయ్యి, తర్వాత పొలాన్ని మిల్లు చెయ్యి! నాచారం ఇప్పుడు మొదటి మెట్టు మీదుంది.

మరి నాచారం కుట్టుపని ఆడవాళ్లు? వరంగల్ వెళ్లొచ్చుగా, బస్సు ఉచితమే కదా అన్నాడో పెద్దమనిషి. నిజమే, టికెట్ లేదు. కాకపోతే వరంగల్ రోడ్డు ఉప్పల్ నుంచే మొదలవుతుంది, ఆ రోడ్డు మీద నారపల్లి దాకా ఫ్లైఓవర్ 2018లో మొదలైంది. మొదలవడం వరకే మనవాళ్ల పూచీ.

షెడ్ల యజమానులూ తక్కువ తినలేదు. నలుగురికి పని ఇస్తామని చవగ్గా పుచ్చుకున్న జాగా వాళ్లది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కితే ఎగుమతిదారులు గుండెలు బాదుకున్నారు. నాకు తెలిసిన షెడ్డాయనకు ఎగుమతీ లేదు, ఏడుపూ లేదు. "పీసుకు మిగిలేది రూపాయి, గజానికి మిగిలేది నేను చెప్పను" అని నవ్వాడు.

వస్తూ వస్తూ ఆయన గేటు చూశాను. "ఫ్లాట్‌లాక్ ఆపరేటర్లు కావలెను" అని ఎప్పుడో రాయించిన రేకు బోర్డు. వానలకు మధ్య అక్షరాలు కొట్టుకుపోయి "ఫ్లాట్ కావలెను" మిగిలింది. నేను నిలబడి ఉండగానే ఒకాయన కారు ఆపి, అద్దం దించి, వాచ్‌మన్‌ను అడిగాడు: "డబుల్ బెడ్‌రూమా, ట్రిపులా?"