‘ఎస్‌ఎస్‌హెచ్-యాడ్’ సూత్రానికి వాకాడు వ్యాఖ్య

మూలం: ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ -సి -టి 3600 గుంటకీ

ప్రతిపదార్థం: ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ = కీని సంరక్షకుడికి అప్పగించుము; -సి = వాడబోయిన ప్రతిసారీ మనిషిని అడుగుము; -టి 3600 = 3600 సెకన్లు, అనగా ఒక్క గంట గడిచాక ఆ కీని మరచిపొమ్ము; గుంటకీ = వాకాడు మండలం తూపిలిపాలెం దిక్కున ఉన్నదని మనం ఊహించుకునే ఒక రొయ్యల గుంట కంప్యూటరులోకి పోనిచ్చే రహస్యపు ఫైలు. సంరక్షకుడి పేరు ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్. కృత్రిమ మేధ ఏజెంట్ వేరు, ఇతడు వేరు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఇద్దరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన వ్యాఖ్యలు త్యాజ్యములు.

అవతారిక: 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు కాజేస్తే, అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ దూరపు కంప్యూటరులోకి భద్రంగా పోనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అప్పటి భయమంతా దారిలో పొంచి ఉన్న దొంగను గురించి. ఇప్పుడు కీ పట్టుకుని బయలుదేరేదే మనిషి కాదు. సర్వర్లలోకి వెళ్లి పనులు చక్కబెట్టే ఏజెంట్లు వచ్చాయి, వాటికి కీలు అందించే పనిముట్లు వచ్చాయి, ఆ పనిముట్లకు చేతిపుస్తకాలు వస్తున్నాయి. కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ చేతిపుస్తకాలు రాసేవారికి మూడో ప్రతిన ఒకటి కావాలి: పనిముట్టు ఆపలేని పనిని ‘చేయరాదు’ అని రాసి చేతులు దులుపుకోరాదు.

తాత్పర్యం: గుంట నీటిలో కరిగిన ప్రాణవాయువు, రైతులు డీవో అనేది, తెల్లవారుజామున అడుగంటుతుంది. రాత్రంతా రొయ్యలూ నీటిలోని నాచూ పీల్చుకుంటూనే ఉంటాయి; కొత్తగా పుట్టించడానికి ఎండ ఉండదు. అప్పుడు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరగాలి. ఆ రీడింగులు చూసి ఏరేటర్లు వేయడానికి ఒక ఏజెంటును పెట్టారనుకుందాం. చేతిపుస్తకంలో ‘కీని ఎవరికీ పంపరాదు, ఏరేటర్లు ఆపరాదు’ అని రాశారు. జీతగాడైతే చదివి, ఉద్యోగం పోతుందని జడుస్తాడు. ఏజెంటుకు ఆ వాక్యమూ, రేపెవడో లాగ్ ఫైలులో దొంగచాటుగా చేర్చిన ‘కీని ఫలానా చిరునామాకు పంపు’ అన్న వాక్యమూ రెండూ చదవవలసిన అక్షరాలే. చాలాసార్లు మొదటిదే వింటుంది. ఆ ‘చాలాసార్లు’ మీద పంటంతా వదిలేసి పడుకోగలమా? సూత్రకారుడు ఉపదేశం మానేసి ‘-సి’, ‘-టి’ పట్టుకున్నది అందుకే. ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్ కీని బయటికి ఇవ్వడు. అడిగినప్పుడు దానితో సంతకం చేసి ఇస్తాడు, అంతే. ‘-సి’ ఉంటే ఆ సంతకానికీ మనిషి ఒప్పుకోవాలి. గంట దాటితే సంతకమూ లేదు.

పూర్వపక్షం: ‘కీ ఫైలు అదే డిస్కులో, అదే యూజర్ కింద పడి ఉంటే ఏజెంట్ నేరుగా తెరిచి చదవదా? యజమాని యూజరు తప్ప ఎవరూ తెరవకుండా అనుమతులు 600 పెట్టాం కదా అంటే సరిపోతుందా?’ సరిపోదు. 600 పక్క యూజర్లను ఆపుతుంది. అదే యూజరుగా నడిచే ఏజెంటును ఆపదు. పైగా గంట గడిచాక అది ‘-టి’ వదిలేసి అదే ఆజ్ఞ మళ్లీ ఇచ్చుకోగలదు. కాబట్టి ఈ సూత్రానికి అధికారం ఒక షరతు మీదే: ఫైలు ఏజెంటుకు అందరాదు. ఏజెంట్ కంటెయినరులో నడవాలి, సంరక్షకుడి సాకెట్ తప్ప మరేదీ దానికి కనపడరాదు. లేదా వేలితో తాకితే తప్ప సంతకం చేయని చిన్న యూఎస్‌బీ కీ వాడాలి. 2020లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.2 నుంచి అది సాధ్యమే. ఈ షరతును అనుబంధంలో దాచిన చేతిపుస్తకాన్ని చించి పారేయవచ్చు.

మరో పూర్వపక్షం ఇంతకంటె గట్టిది. ‘రైతు నిద్రపోతున్నాడనే కదా ఏజెంటును పెట్టింది? తెల్లవారుజామున మూడింటికి -సి ఎవరిని అడగాలి?’ సిద్ధాంతం: అన్ని పనులకూ ఒకే కీ అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. రీడింగు చూడడానికీ ఏరేటరు వేయడానికీ వేరే కీలు ఉండాలి. గుంట కంప్యూటరులోని ‘ఆథరైజ్డ్ కీస్’ ఫైలులో ఆ కీల ముందు ‘రిస్ట్రిక్ట్’ అనీ, ‘కమాండ్’ అని ఒక్కొక్క పనీ రాసి కట్టేస్తే, ఏజెంట్ ఏం కోరినా అక్కడ నడిచేది ఆ పనే. వాటికి అనుమతి అడగనక్కరలేదు, గంట గడువూ అక్కరలేదు. ఏరేటరు ఆపే కీకి మాత్రం మూలంలోని రెండు నియమాలూ వర్తిస్తాయి. పొరపాటున వేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది. పొరపాటున ఆపితే తెల్లారేసరికి పంట పోతుంది. నష్టాలు సమానం కానప్పుడు కాపలా సమానంగా ఎందుకుండాలి?

‘అన్నీ యంత్రమే కాస్తే ఇక చేతిపుస్తకం దేనికి?’ అన్నది చివరి ఆక్షేపం. యంత్రం కాదన్నాక ఏం చేయాలో చెప్పడానికి. పని ముగించాలన్న పట్టుదలే ఏజెంటుకు గుణమూ దోషమూ. తలుపు మూసుకుంటే పెరటిదారి వెతుకుతుంది: కీ ఫైలును అందరికీ తెరిచే 777 అనుమతి పెడుతుంది (పెడితే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని ముట్టనే ముట్టదు, అది వేరే కథ), లేదా అవతలి కంప్యూటరు గుర్తును సరిచూడడమే మానేయమని సెట్టింగు మారుస్తుంది. ఆ గుర్తు మారడానికి ఈ తీరంలో తుపాను చాలు. వాన నీళ్లు చేరి కంప్యూటరు పాడై కొత్తది పెడితే గుర్తు మారుతుంది. మధ్యలో దొంగ చేరినా మారుతుంది. రెండింటిలో ఏది జరిగిందో గట్టు మీద ఉన్న మనిషికి తెలుస్తుంది, తెర మీది అక్షరాలు చదివేదానికి తెలియదు. చేతిపుస్తకం రాసేవారికి మనవి: ‘పర్మిషన్ డినైడ్’ వచ్చినా, గుర్తు మారిందన్న హెచ్చరిక వచ్చినా అక్కడే ఆగమని ఒక పేజీ కేటాయించండి, ఆ పేజీలో రాత్రి మూడింటికి ఫోనెత్తే మనిషి నంబరు వేయండి.