రుమాలు రేటింగు

నవల ఎలా ఉందని అడిగితే ‘ఎంత ఏడ్చానో!’ అనడమే ఇప్పుడు సమీక్ష. కొలీన్ హూవర్ 2016లో రాసిన ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ ఏళ్ల తర్వాత అమ్మకాల జాబితాల్లో పైకెక్కిందంటే, టిక్‌టాక్‌లో కెమెరా ముందు వెక్కివెక్కి ఏడ్చిన పాఠకుల చలవే. ఆ కన్నీళ్లు దొంగవని ఎవరూ అనరు. చెయ్యి చేసుకునే భర్తను ప్రేమిస్తూనే వదులుకునే ఇల్లాలి కథ అది. రచయిత్రి తల్లి అనుభవమే దానికి మూలం. కంట తడి రావాల్సిందే. కానీ ఉల్లిపాయ కోసినా వస్తుంది. ఎందుకు ఏడిపించిందో చెబితే విమర్శ. ఎన్ని రుమాళ్లు తడిశాయో చెబితే ఉతికే బట్టల పద్దు.

ఆడవాళ్లు చదివేదంటే అంత లోకువా అని కోప్పడతారు. న్యాయమే. 1774లో గోథే నవల ‘వెర్తర్’ వచ్చాక ఏడ్చి, నీలం కోటు, పసుపు వెయిస్ట్‌కోటు తొడుక్కు ఊరేగింది కుర్రాళ్లే. లైప్‌జిగ్‌లో ఆ వేషాన్నే నిషేధించారు. ఎత్తిపొడుపులు మాత్రం యద్దనపూడి నవలల్లోని నాయకుల కోసం నిట్టూర్చిన మన అమ్మాయిలకు దక్కాయి! కాబట్టి తగువు పాఠకురాలితో కాదు, ఆమె కన్నీటిని లీటర్ల లెక్కన కొలిచే అంగడితోనే. 2023 జనవరిలో హూవర్ గృహహింస నవలకు రంగులు దిద్దుకునే పుస్తకం తెస్తామన్నారు. పాఠకులే మండిపడ్డాక క్షమాపణ చెప్పి మానుకున్నారు. వచ్చుంటే, కమిలిన చెంపకు ఏ రంగు వేయమనేవారో!