లీటరు మాహాత్మ్యము

మా మదనపల్లె ప్రాంతమున క్రొత్తగా మోటారు సైకిలు కొన్న గృహస్థును పొరుగువారు దాని వెల యడుగకముందే, రంగు మెచ్చుకొనకముందే, ముందు చక్రము క్రింద నలిగిన నిమ్మకాయ రసమైనను ఆరకముందే అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఎంతిస్తాదన్నా?" పుంగనూరు సంతలో ఆవు పొదుగు తడవి చూచువాడును ఇదే ప్రశ్నను ఇదే కంఠస్వరముతో వేయును. మూడడుగుల ఎత్తైనను లేక, కొద్దిపాటి గడ్డి మేసి, చిక్కని పాలిచ్చు పొట్టి యావులకు పుట్టినిల్లైన సీమ యిది. ఆ జాతి నశింపకుండ పలమనేరు పశుపరిశోధనా స్థానమువారు కాపాడుకొనుచు వచ్చిన సీమ యిది. తక్కువ మేసి యెక్కువ యిచ్చుటయే ఘనత యను సిద్ధాంతము మాకు పాలతోనే అబ్బినది గనుక, మోటారు సైకిలు వచ్చి దానికి రెండు చక్రములు తగిలించినదే గాని క్రొత్తగా నేర్పినదేమియు లేదు.

ప్రశ్న స్థిరమే, ప్రత్యుత్తరమే సందర్భానుసారము పెరుగుచు తరుగుచుండును. ఇంటి యరుగుమీద 60గా నున్న సంఖ్య పెండ్లిపందిరిలో తోడల్లుని యెదుట 70 అగును. బండి అమ్మజూపిన దినమున, కొనువాడు చుట్టు తిరిగి పరిశీలించుచుండగా, 75ను దాటును. ఎవడైన మేనల్లుడు "ఒకసారి పలమనేరు దాకా పొయ్యొస్తా, బండియ్యి మామా" అన్న తక్షణమే అదే సంఖ్య 35కు కూలి, "వద్దు నాయనా, ఇది పెట్రోలు తాగేస్తాది" అను దీనాలాపముగా పరిణమించును. ఒక్క యంత్రము ఒక్క దినముననే నాలుగు విధముల ఇంధనము త్రాగుట యే భౌతికశాస్త్రమునను లేదు. కాని లీటరుకు ఇన్ని కిలోమీటర్లని మనవారు చెప్పునది యంత్రముయొక్క కొలత కాదనియు, యజమానియొక్క మర్యాద యనియు గ్రహించినవానికి ఇందు వైరుధ్యమేమియు కనబడదు.

ఈ మర్యాద యనాదిసిద్ధము కాదు. మైసూరున తయారైన జావాలును యెజ్డీలును, వానితోపాటు రాజదూతులును వీధులలో ఉరుముచు తిరిగిన కాలమున బండి యుండుటయే గొప్ప. అది యెంత త్రాగునో విచారించుట అనుచితము. ఆ రెండు స్ట్రోకుల ఇంజనులలో క్రొత్త మిశ్రమము లోనికి వచ్చు ద్వారమును, కాలిన పొగ వెడలు ద్వారమును కొంతసేపు ఒక్కమారే తెరచియుండుటచే, పెట్రోలులో కొంత కాలకయే పొగగొట్టము వెంట పరారి యగుచుండెను. 1985లో హీరో హోండావారి సీడీ 100 నాలుగు స్ట్రోకులతో వచ్చి, లీటరుకు 80 కిలోమీటర్లని చాటినది. నింపుము, మూయుము, మరువుము అని దాని ప్రకటన దేశమునకు మూడాజ్ఞలు చేసెను. మొదటి రెండింటిని శిరసావహించితిమి. మూడవది మావలన కాలేదు.

మరువలేనివారిలో మతభేదములు కలవు. మొదటిది నూరు రూపాయల మతము. "నూరు కొట్టిస్తే నాలుగు దినాలు తిరుగుతా" అను వీరికి లీటరుతోను పనిలేదు, మీటరుతోను పనిలేదు. 2017 జూన్‌లో పెట్రోలు ధరను ఏ దినమున కా దినమే సవరించు పద్ధతి వచ్చుటచే ఈ మతము పునాది కదలినను, అనుయాయులు తగ్గలేదు. రెండవది రిజర్వు మతము: బండి దగ్గి ఆగినచోట ట్యాంకు క్రింది కుళాయిని రిజర్వుకు త్రిప్పి, మీటరు అంకె గుర్తుంచుకొని, ఒక లీటరు పోయించి, మరల దగ్గువరకు నడపి చూచుట. ఇది శాస్త్రీయమే గాని, నడుమ కుళాయిని యథాస్థానమునకు త్రిప్పుట మరచినవాడు తన ఫలితమును బండి త్రోయుచు గణింపవలసి యుండును. 2020 తరువాత వచ్చిన చాల బండ్లలో ఆ కుళాయియే లేకపోవుటచే ఈ మతమిప్పుడు క్షీణదశయందున్నది.

నేను ఫుల్ ట్యాంకు మతస్థుడను. ట్యాంకు మూతివరకు నింపించి, మీటరు అంకె వ్రాసికొని, కొన్నాళ్లు తిరిగి, మరల మూతివరకు నింపించి, తిరిగిన దూరమును రెండవమారు పట్టిన లీటర్లతో భాగించుట మా విధి. వినుటకు ఇంతే. మూతివరకనగా నెంతవరకు? నురుగు నిలిచినంతవరకా, నురుగణగినంతవరకా? సైడు స్టాండుమీద ఒరిగియున్నపుడు నిండినదనిపించిన ట్యాంకు సెంటరు స్టాండు వేయగానే ఇంకను కొంత పుచ్చుకొనును. గాలి బుడగలు వెడలుటకై బండిని అటు నిటు ఊపుచు, నడుము వంచి ట్యాంకులోనికి తొంగిచూచుచు, బంకు కుర్రవానితో నేనీ సూక్ష్మములను చర్చించుచుండగా వెనుక వరుస రోడ్డెక్కును. "ఇంక పట్టదు సార్, దండం పెడతా" అని అతడనును. పట్టును. నాకు తెలియును.

మా మతములన్నింటిని తలదన్నినవాడు నా మిత్రుడొకడు. నాలుగువేల అడుగులకు పైనున్న హార్సిలీ కొండమీదినుండి ఇంజను ఆపి దొర్లుకొని వచ్చి, చుక్కైనను కాలలేదు గనుక తన మైలేజి అనంతమని వాదించెను. రాశిని శూన్యముచే భాగించిన వచ్చునది ఖహరమనియు, దానికి కూడికచేతను తీసివేతచేతను వికారము లేదనియు భాస్కరాచార్యులు 12వ శతాబ్దమున బీజగణితమునందే చెప్పియుండుటచే నేనతనిని ఖండింపలేకపోతిని. ఎక్కునపుడు కాలిన పెట్రోలు మాటేమనగా, "అది నిన్నటి లెక్క" అనెను. ఇంజను అడ్డుపాటు లేక, బ్రేకులొక్కటే దిక్కుగా ఆ వంపులు దిగుటలోని యపాయమును భాస్కరాచార్యులు చెప్పలేదు గనుక నేను చెప్పితిని, అతడు వినలేదు.

నా లెక్కల పుస్తకమున పెక్కు పుటలు కుప్పము దారివి. 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయమున నాకు పుస్తకముల పని తగులుచుండును. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోవలెను. గాలి అడ్డుపాటు వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును, అనగా వేగము రెట్టింపైన అడ్డుపాటు నాలుగింతలగును గనుక, ముల్లు 45 దాటరాదని నా నియమము. సైకిలు మీది బడిపిల్లలు తప్ప తక్కినవారందరు నన్ను దాటిపోవుదురు, సహింతును. ఈ సహనము పలమనేరు దాటువరకే. అటుపిమ్మట కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు తిరుగు తావులని హెచ్చరించు బోర్డు కనబడినంతనే వర్గసూత్రము స్మృతిపథమునుండి తొలగి, ముల్లు తనకు తోచినచోట నిలుచును. ఆ పుటలలో అంకె తగ్గినచోటనెల్ల, కారణము వ్రాయు గడిలో "ఏనుగు" అని యుండును. ఏనుగును మాత్రము నేనింతవరకు చూడలేదు.

కుప్పము చేరినచో చర్చ మరియొక మెట్టెక్కును. ఒకవైపు కర్ణాటకము, ఒకవైపు తమిళనాడు. కర్ణాటకమున లీటరు మనకంటె కొన్ని రూపాయలు చౌక. సరిహద్దు దాటి ట్యాంకు నింపుకొని వచ్చుట అచ్చట విజయయాత్రతో సమానము. పోవుటకును వచ్చుటకును కాలిన పెట్రోలును ఆ లాభమునుండి తీసివేయవలెను గదా యని నేను పెన్సిలు తీయగా, ఒక పెద్దమనిషి నా చేయి పట్టుకొని, "లెక్కలేస్తే ఏదీ మిగలదు సామీ" అనెను.

ఇక ఇథనాలు. పెట్రోలులో నూటికి 20 పాళ్లు కలుపుచున్న ఈ ద్రవమునకు లీటరుకు లీటరు చూచిన పెట్రోలుకంటె సుమారు మూడవవంతు శక్తి తక్కువ. పాత తరహా ద్విచక్రవాహనములకు మైలేజి 3 నుండి 4 శాతము తగ్గవచ్చునని 2021లోనే నీతి ఆయోగ్ నివేదిక అంచనా కట్టినది. అనగా 60 ఇచ్చునది 58 ఇచ్చును. ఈ రెండు కిలోమీటర్ల లోటు మా వీధికి చేసిన యుపకారము వర్ణనాతీతము. 75 అని చాటుచు 50తో కాలము గడపుచున్న వారందరికి ఒక్కనాటితో కారణము దొరికినది. "ముందు డెబ్బై అయిదు ఇస్తాండె అన్నా, ఈ కలిపిన పెట్రోలు వచ్చినాకే ఇట్లయింది!" గాలి దిగిన టైరు, వదులైన చైను, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, బ్రేకుమీదినుండి తీయని కాలు, అన్నియు నిర్దోషులై విడుదలైనవి.

మదనపల్లె టమోటా మార్కెట్టుకు మోపెడ్ మీద పెట్టెలు కట్టుకొని వచ్చు రైతొకడు మాత్రము ఏ మతమునకును చెందడు. అతని మీటరు కేబులు తెగి ఏండ్లైనది. ముల్లు సున్నకడ యోగనిద్రయందున్నది. "మరి మైలేజి తెలిసేదెట్లప్పా?" యని యడిగితిని.

"కాయ రేటును బట్టి సార్. రేటుంటే బండి బాగిస్తాది. రేటు పడిపోతే వచ్చిన దుడ్లు పెట్రోలుకే చాలవు."

2023 జూలైలో, కిలో నూరు రూపాయలు దాటి పలికిన ఆ నెలలో, ఎంత ఇచ్చినదని గ్రుచ్చి యడిగితిని. అతడు పెట్టెల తాడు విప్పుచు కొంతసేపు ఆలోచించెను.

"ఆ నెలా? పెట్రోలు పోయించినట్టే గ్యాపకం లేదు సార్."